తల్లుల రక్షకుడు – ఇగ్నాజ్ సెమ్మెల్వైస్

పురుడు స్త్రీకి పునర్జన్మమని మన పెద్దలు చెప్పుదురు. బిడ్డ పుట్టి కేరుమన్న క్షణమున ఇల్లెల్ల సంతోషించును. చుట్టములు బిడ్డ ముక్కు ఎవరి పోలిక, కన్నులు ఎవరి పోలిక యని ముచ్చటించుచుందురు. కాని ఆ యింటిలోని పెద్దముత్తైదువ మాత్రము బాలింత మంచమును విడువదు. కాన్పు సగము పని. బాలింతను నిలుపుట తక్కిన సగమని ఆమె యెరుగును. మూడవనాడు ఒడలు వెచ్చబడెనా, చలి పుట్టెనా, కడుపు నొచ్చెనా యని మాటిమాటికి చేయి వేసి చూచుచుండును. ఆ మూడవనాటి వేడి పూర్వము మన దేశమునందే కాక ఐరోపాఖండమునందును వేలకొలది తల్లులను పొట్టన బెట్టుకొన్నది. దానికి సూతికాజ్వరమని పేరు.

ఆ జ్వరము ఆసుపత్రిలోనికి ఏ ద్వారమున ప్రవేశించుచుండెనో కనిపెట్టిన యొక వైద్యుని చరిత్రమును ఈ సంచికలో మా విద్యార్థులకు చెప్పదలచితిమి. రాజ్యములు గెలిచిన వీరుల కథలను మీరు చరిత్ర పాఠములలో చదివియున్నారు. ఈయన యే రాజ్యమును గెలువలేదు. ఈయన ఆయుధములు ఒక పళ్లెరమెడు నీరును, కొంచెము సున్నపు పొడియును మాత్రమే. అయినను ఈయన వలన బ్రదికిన తల్లుల సంఖ్యను లెక్కింప నెవరికిని సాధ్యము కాదు.

ఇగ్నాజ్ ఫిలిప్ సెమ్మెల్వైస్ 1818వ సంవత్సరము జూలై 1వ తేదీన హంగెరీ దేశమునందలి బూడా పట్టణమున జన్మించెను. డాన్యూబు నదికి ఈ దరిని బూడాయు, ఆ దరిని పెస్తును ఉండెడివి. అవి రెండును తరువాత ఏకమై బుడాపెస్తు అను మహానగరమైనవి. తండ్రి కిరాణా వర్తకుడు, కలిగిన కుటుంబము. కుమారుడు న్యాయవాది కావలెనని తండ్రి 1837లో అతనిని వియన్నా నగరమునకు పంపెను. అక్కడ అతని మనస్సు న్యాయశాస్త్రమునుండి వైద్యశాస్త్రమునకు మరలెను. 1844లో వైద్యపట్టమును పొందెను. శవపరీక్షలో నిపుణుడైన రొకిటాన్స్కీ, రోగనిర్ణయమున పేరొందిన స్కోడా, చర్మవ్యాధులలో ప్రవీణుడైన హెబ్రా అతనికి గురువులును మిత్రులును అయిరి. 1846 జూలైలో వియన్నా మహావైద్యశాలలోని ప్రసూతిశాల మొదటి విభాగమున ఆచార్య క్లైన్‌కు సహాయకుడుగా నియమింపబడెను. అప్పటికి అతని వయస్సు 28 సంవత్సరములు.

ఆ ప్రసూతిశాల యెట్టిదో కొంచెము వివరింపవలసియున్నది. అది రెండు విభాగములుగా ఉండెను. 1840 తరువాత మొదటి విభాగమున వైద్యవిద్యార్థులును, రెండవదానిలో మంత్రసానులును శిక్షణ పొందుచుండిరి. అక్కడికి వచ్చు స్త్రీలు పేదరాండ్రు, ఇండ్లలో పనిచేయువారు, పెండ్లి కాకయే గర్భము ధరించి దిక్కులేనివారు. వారికి వైద్యము, భోజనము ఉచితము. బిడ్డను పెంచుకొనలేనివారికి అనాథశిశుగృహ ముండెను. ఈ యుపకారమునకు బదులుగా వారు విద్యార్థుల శిక్షణకు ఒప్పుకొనవలెను. నొప్పులతో వచ్చిన స్త్రీని ఏ విభాగమున చేర్చుకొందురనునది ఆమె యిష్టము కాదు. దినము మార్చి దినము ఒక్కొక్క విభాగమువారు చేర్చుకొనుచుండిరి.

ఇక ఆ తల్లి పాట్లు చూడుడు. మొదటి విభాగపు సంగతి నగరమెల్ల ఎరుగును. ఆ దినమున వచ్చినదని తెలిసిన స్త్రీలు మోకరించి, చేతులు జోడించి, తమ్మును రెండవ విభాగమున చేర్చుకొనుమని కన్నీరు విడుచుచు వేడుకొనుచుండిరి. కొందరు ఆసుపత్రికి వచ్చు దారిలోనే ప్రసవించుటకు సిద్ధపడుచుండిరి. లోనికి వచ్చినవారిని ఉదయముననే వైద్యుడును, ఆయన వెంట విద్యార్థులును మంచము తరువాత మంచముగా పరీక్షించుచు పోవుదురు. ఒక్కొక్కతెను అనేకులు పరీక్షింతురు. బిడ్డ పుట్టిన పిదప రెండు మూడు దినములలో ఆమెకు వణుకుతో చలి వచ్చును, ఒడలు కాలును, కడుపు ఉబ్బి దుప్పటి తగిలినను ఓర్వలేకుండును. ప్రక్క మంచముపై నున్నామెకును అట్లే. ఆ ప్రక్కనున్నామెకును అట్లే. వరుసగా జబ్బుపడుచుందురు. చావ సిద్ధముగా నున్నవారి కడకు గురువుగారు గంట మ్రోగించుకొనుచు అయిదు గదులు దాటి రావలసియుండెను. ఆ గంట వినబడినప్పుడెల్ల తక్కిన బాలింతలు ఈసారి ఎవరి వంతో యని గుండెలు పట్టుకొనుచుండిరి.

లెక్కలు ఈ భయము నిజమని చూపుచుండెను. 1846లో మొదటి విభాగమున 4010 కాన్పులు కాగా 459 మంది తల్లులు మృతినొందిరి. అనగా నూటికి పదునొకండుగురికి పైగా. అదే సంవత్సరమున రెండవ విభాగమున 3754 కాన్పులకు 105 మంది, అనగా నూటికి ముగ్గురికంటె తక్కువ. జబ్బు ముదిరిన బాలింతలను మొదటి విభాగమునుండి సామాన్య వైద్యశాలకు పంపుచుండుటచే, అక్కడ చనిపోయినవారు ఈ లెక్కలోనికి రానేలేదు. ఒకే కప్పు క్రింద, ఒకే నగరమున, ఒకే తెగ స్త్రీలలో ఇంత భేద మేల? ఈ ప్రశ్న సెమ్మెల్వైస్‌ను నిద్రపోనీయలేదు.

పెద్దలు ఎన్నో కారణములు చెప్పిరి. గాలిలో దోషమున్నదనిరి. ఆ గాలి రెండు విభాగములకును ఒక్కటియే కదా యని ఆయన తర్కించెను. జనము క్రిక్కిరిసి యుండుటచే ననిరి. మొదటి విభాగమును తప్పించుకొన గోరువారిచే రెండవదియే ఎక్కువ క్రిక్కిరిసియుండెను. భయముచే ననిరి. ఆయన గురువుగారిని వేడుకొని, గంట లేకుండ, చుట్టుదారిని రోగుల గదికి వచ్చునట్లు చేసెను. మరణములు తగ్గలేదు. రెండవ విభాగమున స్త్రీలు ప్రక్కకు ఒరిగి ప్రసవింతురని, ఇక్కడను అట్లే చేయించి చూచెను. అప్పటికిని తగ్గలేదు. అన్నిటికంటె వింత యేమనగా, దారిలో వీధిలోనే ప్రసవించి, బిడ్డను కొంగున పెట్టుకొని నడచివచ్చిన తల్లులకు ఈ జ్వరము అరుదుగా సోకుచుండెను. ఏ సహాయమును లేనివారు బ్రదుకుచుండిరి. విద్వాంసుల సహాయమును పొందినవారు చచ్చుచుండిరి!

1847 మార్చిలో సెమ్మెల్వైస్ మనస్సునకు విశ్రాంతి గోరి వెనిసు నగరమునకు పోయి, నెల తిరుగకమునుపే మరలివచ్చెను. వచ్చిన వెంటనే ఒక దుర్వార్త వినెను. ఆయన స్నేహితుడు, న్యాయవైద్యశాస్త్రాచార్యుడగు కొలెచ్కా మరణించెను. ఒక విద్యార్థి శవమును కోయుచు పొరబాటున కత్తిని ఆచార్యుని వ్రేలికి గ్రుచ్చెను. ఆ చిన్న గాయమునుండి విషము ప్రాకి ఆయన ప్రాణము తీసెను. సెమ్మెల్వైస్ ఆ మరణపు వివరములను చదివెను. చదివిన కొలది ఆయన చేతులు వణకి యుండును. కొలెచ్కా దేహమున కనబడిన మార్పులే ఆయన ప్రతిదినము బాలింతల శవములలో చూచుచున్న మార్పులు! ఒక పురుషునికి సూతికాజ్వర మెట్లు వచ్చును? కత్తి అంచునుండి శవవిషము ఆయన నెత్తురులో కలిసినది. అట్లయిన బాలింతల నెత్తురులో ఆ విషమును కలుపుచున్న కత్తి యేది?

ఆ కత్తి వైద్యుని చేయియే. విద్యార్థులును వారి గురువులును ఉదయమున శవాగారమున శవములను కోసి, సబ్బుతో చేతులు కడుగుకొని, తిన్నగా ప్రసూతిశాలకు వచ్చి తల్లులను పరీక్షించుచుండిరి. సబ్బుతో కడిగినను శవపు కంపు చేతులను విడువకుండెను. మంత్రసానులకు శవములతో పనిలేదు. అందుచే వారి విభాగము క్షేమముగా నుండెను. దారిలో ప్రసవించినవారిని ఎవరును పరీక్షింపలేదు. అందుచే వారు బ్రదికిరి. వరుసగా పరీక్షించుచు పోయిరి గనుక వరుసగా జబ్బుపడిరి. ముడి వీడినది. పాత పుస్తకములను తిరుగవేయగా ఇంకొక సంగతి బయటపడెను. శవములపై ప్రసూతి శిక్షణ లేని 1822లో నూటికి ఒకరికంటె తక్కువగా తల్లులు మరణించిరి. ఆచార్య క్లైన్ వచ్చి ఆ శిక్షణను ప్రవేశపెట్టిన 1823లో నూటికి ఏడుగురికి పైగా మరణించిరి.

చదువరులారా, ఇచ్చట ఒక నిమిషము ఆగవలెను. ఈ విషయమును కనుగొనుటలో ఆయనకు కలిగినది విజయోత్సాహము కాదు. వ్యాధి కారణమును వెదకుటకై ఎవరికంటె శ్రద్ధగా ప్రతి ఉదయమును శవపరీక్ష చేసినవాడు ఆయనయే. కావున ఎవరికంటె ఎక్కువగా ఆ విషమును తల్లులకు మోసినవాడును ఆయనయే. తన మూలమున ఎందరు అకాలముగా సమాధి చేరిరో దేవునికే యెరుక యని తన గ్రంథములో స్వయముగా ఒప్పుకొనెను. ఇతరుల తప్పు కనిపెట్టుట సులభము. తన చేయి చూచుకొని, ఇదియే అపరాధి యని లోకమున చాటుట వీరుల పని.

1847 మే నడుమ నుండి ఆయన ఒక కట్టడి చేసెను. ప్రసూతిశాల ద్వారము కడ క్లోరిను నీటి పాత్ర నుంచి, లోనికి వచ్చు ప్రతివాడును అందు చేతులు తోముకొనవలెనని విధించెను. క్లోరిను నీరు వెల యెక్కువ గనుక కొలది కాలములోనే క్లోరిను పట్టించిన సున్నపు పొడిని వాడసాగెను. మనము బావులలో చల్లు బ్లీచింగు పౌడరు అదియే. సూక్ష్మజీవులను గూర్చి ఆనాటివా రెరుగరు. శవపు కంపును పోగొట్టునది శవవిషమును గూడ పోగొట్టునని ఆయన తలంచెను. ఆ యేప్రిల్ మాసమున నూటికి పదునెనిమిది మంది తల్లులు చనిపోయియుండిరి. జూన్‌లో నూటికి ఇద్దరు, జూలైలో ఒకరు. మరుసటి యేడు 1848లో 3556 కాన్పులకు 45 మరణములు మాత్రమే. ఆ సంవత్సరమున మార్చి, ఆగస్టు మాసములలో ఆ విభాగమున ఒక్క తల్లియు మృతినొందలేదు. ఏ గదులలో గంట మ్రోగనిదినము లేకుండెనో, ఆ గదులలో నెల పొడుగున గంట మ్రోగలేదు.

నడుమ ఒక ఘోరము జరిగెను. 1847 అక్టోబరులో గర్భాశయమున పుండు గల స్త్రీ యొకతె మొదటి మంచమున నుండెను. ఆమెను ముందు పరీక్షించి, నడుమ సబ్బుతో మాత్రము చేతులు కడుగుకొని, వరుసలోని తక్కినవారిని పరీక్షించిరి. ఆమెతో కూడ ఒకేసారి ప్రసవించిన పన్నిద్దరిలో పదునొకండుగురు చనిపోయిరి. శవమునుండియే కాదు, బ్రదికియున్న రోగి పుండునుండియు విషము వచ్చునని ఆయన నేర్చుకొనెను. అప్పటినుండి ద్వారము కడ ఒక్కసారి కడుగుట చాలదని, ఒక మంచము విడిచి ఇంకొక మంచమునకు పోవునప్పుడెల్ల చేతులు శుద్ధి చేసుకొనవలెనని నియమించెను.

ఇట్టి మేలు చేసినవానికి లోకము పూలదండలు వేసియుండునని మీరు తలంతురేమో. అట్లు జరుగలేదు. స్కోడా, హెబ్రా, రొకిటాన్స్కీలు ఆయన పక్షమున నిలిచిరి. కాని వైద్యులలో అనేకులకు, తమ చేతులు తల్లులను చంపినవను మాట మ్రింగుడుపడలేదు. సెమ్మెల్వైస్ తప్పు గూడ కొంత కలదు. ఆయన వెంటనే కలము పట్టి తన పరిశోధనమును విపులముగా ప్రకటింపలేదు. మిత్రులు చెప్పిన కొలది మాటలనుబట్టి దూరదేశపు వైద్యులు దానిని సరిగా గ్రహింపకుండిరి. 1849 మార్చిలో ఆయన ఉద్యోగపు గడువు ముగియగా ఆచార్య క్లైన్ మరల నియమింపలేదు. 1850లో మనస్సు విరిగి, మిత్రులకైనను చెప్పకుండ, ఆయన వియన్నాను విడిచి స్వదేశము చేరెను.

పెస్తు నగరమున రోకస్ వైద్యశాల యుండెను. ఆయన మొదట దానిని చూడబోయిన దినమున ప్రసూతి గదిలో ఒక బాలింత చనిపోయియుండెను. ఒకతె చావు బ్రతుకులలో నుండెను. నలుగురు తీవ్రముగా జబ్బుపడియుండిరి. ఆ గది శస్త్రవైద్యుని అధికారము క్రింద నుండెను. ఆయన చీము పుండ్లకు కట్లు కట్టిన చేతులతోనే బాలింతల కడకు వచ్చుచుండెను. 1851లో సెమ్మెల్వైస్ జీతము లేకయే ఆ గది భారమును వహించెను. ఆరు సంవత్సరములలో 933 కాన్పులు జరుగగా సూతికాజ్వరముచే చనిపోయినవారు ఎనమండుగురే.

1855లో ఆయన పెస్తు విశ్వవిద్యాలయమున ప్రసూతిశాస్త్రాచార్యు డయ్యెను. అక్కడి ప్రసూతిశాల ఇరుకైనది. చేతులు కడుగు నియమమును ప్రవేశపెట్టినను తల్లులు చనిపోవుచుండిరి. ఆయన మంచముల కడకు పోయి వెదకెను. అప్పుడు దుప్పట్లు కంటబడెను. తక్కువ ధరకు ఒప్పుకొన్న చాకలి వద్దనుండి వచ్చిన దుప్పట్లు పూర్వపు బాలింతల నెత్తురు మరకలతో, కంపుతో నుండెను. కొత్తగా ప్రసవించిన తల్లి, ఒడలంతయు గాయము వంటిదైనప్పుడు, ఆ మైలగుడ్డలపై పండుకొనుచుండెను. అధికారులకు వ్రాసిన వ్రాతలకు ఫలము కలుగకపోగా, ఆయన ఆ దుప్పట్లనే మూటగట్టుకొని పోయి అధికారి ముక్కు కెదుట విప్పెనని చెప్పుదురు. మంచి గుడ్డలు వచ్చినవి. మరియొక సంవత్సరమున గుడ్డలు సమృద్ధిగా నున్నను మరణములు హెచ్చెను. పరిచారిక సోమరితనముచే వాటిని మార్చకుండుటయే కారణమని తేలెను. వైద్యుడు ఎంత పండితుడైనను, పరిచారిక ఒక్క దుప్పటి మార్చుట మరచినచో ఒక తల్లి ప్రాణము పోవును. ఆసుపత్రి సేవలో చిన్న పని యనునది లేదు.

1857లో ఆయన మరియా వైడెన్‌హోఫరను కన్యను పెండ్లాడెను. వారికి అయిదుగురు బిడ్డలు కలుగగా మొదటి యిద్దరును పసితనముననే పోయిరి. 1861లో తన సిద్ధాంతమును పెద్ద గ్రంథముగా ప్రకటించెను. అప్పటికి పదునాలుగు సంవత్సరములు గడచిపోయినవి. గ్రంథము మంచిదే గాని దీర్ఘమైనది, కోపముతో నిండినది. చాలమంది పండితులు దానిని త్రోసివేసిరి. ఆయన సహింపలేక ఐరోపా ఆచార్యులకు బహిరంగలేఖలు వ్రాసి, వారిని తల్లులను చంపు హంతకులని నిందించెను. చచ్చుచున్న తల్లులను తలచుకొన్నచో ఆ కోపము ధర్మమే యనిపించును. కాని ఆ నిష్ఠురములచే తలుపు తెరువవలసినవారు గట్టిగా గడియ వేసుకొనిరి.

క్రమముగా ఆయన బుద్ధి చలించెను. 1865 జూలై చివర భార్యయు మిత్రులును కలిసి ఆయనను వియన్నాకు తోడుకొనిపోయిరి. పాత మిత్రుడు హెబ్రా ఎదుర్కొని, వైద్యశాలను చూపుదునని చెప్పి, పిచ్చివారి ఆసుపత్రిలో చేర్పించెను. అక్కడ కావలివారు ఆయనను కొట్టిరని తరువాత వెలువడిన పత్రములనుబట్టి పండితులు ఊహించుచున్నారు. దేహముపైని గాయము విషించి, నెత్తురు చెడి, రెండు వారములకే ఆగస్టు 13వ తేదీన, 47 సంవత్సరముల వయస్సున, ఆయన మృతినొందెను. కొలెచ్కాను, అన్నివేల తల్లులను చంపిన విషమే తుదకు ఆయనను చంపెను. సరిగా దానికి ముందునాడు, ఆగస్టు 12న, గ్లాస్గో నగరమున లిస్టరు అను శస్త్రవైద్యుడు ఎముక విరిగిన యొక బాలుని గాయమునకు కార్బాలిక్ ఆమ్లముతో కట్టు కట్టి, గాయము చీము పట్టకుండ మాన్పు క్రొత్త పద్ధతికి నాంది పలికెను. ఆ సంగతి సెమ్మెల్వైస్‌కు తెలియనే లేదు.

1879లో పాస్తరు పండితుడు సూతికాజ్వరమునకు మూలమైన సూక్ష్మజీవిని పారిసు విద్వత్సభలో నల్లబల్లపై గీసి చూపెను. సెమ్మెల్వైస్ కన్నులతో చూడకయే తర్కముచే పట్టుకొన్నది దానినే. అప్పుడు లోకము మేలుకొనెను. 1891లో ఆయన యెముకలను వియన్నానుండి బుడాపెస్తుకు తెచ్చిరి. 1964లో ఆయన పుట్టిన యింటి ఆవరణముననే వానిని నిలిపిరి. ఆ యిల్లు ఇప్పుడు వైద్యచరిత్ర ప్రదర్శనశాల. 1969లో అక్కడి వైద్యవిశ్వవిద్యాలయమునకు ఆయన పేరు పెట్టిరి. 1930ల నడుమనుండి సల్ఫా మందులును, తరువాత పెనిసిలినును వచ్చి సూతికాజ్వరమును మరింత అణచినవి. అయినను ఆ మందులకు ముందే, కేవలము శుభ్రమైన చేయి ఎంతమందిని కాపాడగలదో ఆయన చూపియుండెను.

విద్యార్థులారా, ఈ చరిత్రనుండి మేము మీకు మూడు మాటలు చెప్పి ముగింతుము. మొదటిది: మేలు చేయుదుమను తలంపు ఒక్కటియే చాలదు, మేలు చేయు చేయి శుద్ధముగా నుండవలెను. రెండవది: తప్పు వెదకునప్పుడు మొదట మన చేతినే వెదకవలెను. మూడవది: సత్యమును కనుగొనుట యెంత కష్టమో, ఎదుటివాని మనస్సున కెక్కునట్లు ఓర్పుతో చెప్పుటయు అంతే కష్టము, మొదటిది సెమ్మెల్వైస్ సాధించెను, రెండవది ఆయనకు సాధ్యపడలేదు.

మీలో కొందరు వైద్యులును, కొందరు నర్సులును అగుదురు. తక్కినవారు అన్నలుగను, భర్తలుగను, తల్లులుగను ఏదో యొకనాడు బాలింత మంచము ప్రక్కన నిలువబడుదురు. పొత్తిళ్లలోని బిడ్డను ఎత్తుకొనబోవునపుడు, ఆ తల్లి నుదుటిపై చేయి వేయబోవునపుడు, ఒక్క నిమిషము వెనుకకు పోయి నీళ్ల కుండ కడ చేతులు కడుగుకొని రండు. ఈ మహానుభావుని జ్ఞాపకార్థము అంతకంటె మంచి స్తంభమును ఎవరును నిలుపజాలరు.